పాత మోటారు ఇంజినును పందెమునకు సిద్ధపరచుట

మన ఎడ్లపాడు మీదుగా పోవు 16వ నంబరు జాతీయ రహదారిని పట్టుకొని దక్షిణముగా పోయినచో, చెన్నపట్టణము చేరకమునుపే షోలవరమను ఊరు తగులును. రెండవ ప్రపంచ యుద్ధకాలమున అచ్చట విమానములు దిగుటకు ఒక పొడవైన పట్టీ నిర్మింపబడెను. యుద్ధము ముగిసి విమానములు వెళ్లిపోయిన పిదప, 1953లో స్థాపింపబడిన మదరాసు మోటారు స్పోర్ట్స్ క్లబ్బువారు ఆ పట్టీపై కార్లకును మోటారు సైకిళ్లకును పందెములు జరుపసాగిరి. 1990లో శ్రీపెరంబుదూరు సమీపమున ఇరుంగాట్టుకోట్టై యందు ప్రత్యేకముగా పందెపు బాట ఏర్పడువరకు, దక్షిణదేశమున మోటారు పందెమనగా జనులకు షోలవరమే జ్ఞప్తికి వచ్చెడిది.

అచ్చట పరుగెత్తిన బండ్లలో పెక్కు పందెముల కొరకు పుట్టినవి కావు. ఆ దినములలో విదేశపు ఇంజిన్లను తెప్పించుకొనుట దిగుమతి నిబంధనలవలన మిక్కిలి కష్టము. కావున ఉత్సాహవంతులు పెండ్లివారిని మోసిన ఫియటును, ఆఫీసరులను మోసిన అంబాసిడరును, మదరాసులో తయారైన స్టాండర్డు హెరాల్డును విప్పి, వాని ఇంజిన్లనే పందెమునకు తీర్చుకొనిరి. పాత సామాను, ఒక లేతు మిషను, ఆకురాయి, ఓపిక—ఇవే వారి మూలధనము.

ఈ సంవత్సరము పదవ తరగతి విద్యార్థులు కొందరు, రహదారి ప్రక్కనున్న యొక షెడ్డులో పాత ఫియటు ఇంజినొకటి తుప్పుపట్టి పడియున్నదనియు, దానిని పందెపు ఇంజినుగా మార్చవచ్చునా యనియు మమ్ము అడిగిరి. మార్చవచ్చును. అయితే వారు ఆ మార్పును గూర్చి తలంచిన రీతి వేరు. సైలెన్సరు తీసివేసి, పెట్రోలు దండిగా పోసి, యాక్సిలరేటరు అదిమి పట్టినచో ఇంజిను పందెపు ఇంజినగునని వారి యభిప్రాయము. మన రహదారిమీద సాయంకాలములందు కొందరు యువకులు మోటారు సైకిళ్లను అట్లే అరపించుచున్నారు. ధ్వనికిని శక్తికిని సంబంధము మిక్కిలి తక్కువ. ఇంజినును వేగముగా తిరుగనిచ్చుట యనునది దానికి ఏదో చేర్చుటవలన వచ్చునది కాదు. దానిలోని ప్రతి ముక్కయు ఆ వేగమున ఎంత భారము మోయవలసి వచ్చునో లెక్కగట్టి, మోయలేనిదానిని మార్చినమీదట లభించు అనుమతి. ఈ సంగతినే ఈ వ్యాసమున విద్యార్థులకును వారి తలిదండ్రులకును తెలుపగోరుచున్నాము.

ముందుగా ఆ ఇంజిను ఎట్టిదో చెప్పుదుము. ఫియటు 1100 అను కారు ఇటలీ దేశమున పుట్టినది. దానినే బొంబాయిలోని ప్రీమియర్ ఆటోమొబైల్సువారు తయారుచేసిరి. 1970ల మధ్యనుండి అది ప్రీమియర్ పద్మిని యను పేరుతో శతాబ్దాంతము వరకు మన వీధులలో తిరిగెను. దాని ఇంజినుకు నాలుగు సిలిండర్లు. ఒక్కొక్కదాని అడ్డుకొలత 68 మిల్లీమీటర్లు. పిస్టను క్రిందినుండి మీదికి నడచు దూరము, అనగా స్ట్రోకు, 75 మిల్లీమీటర్లు. నాలుగింటి పరిమాణము 1089 ఘన సెంటీమీటర్లు. 1953లో ఇటలీలో వెలువడిన రకము నిమిషమునకు 4400 చుట్లు తిరుగునప్పుడు 36 అశ్వశక్తుల బలము నిచ్చెడిది.

ఈ సాధు ఇంజినే ఐరోపాలో పందెములు గెలిచినదన్న మాట మన విద్యార్థులకు ఆశ్చర్యము గొల్పినది. ధనవంతులు కానివారును పందెములలో పాల్గొనవలెనను తలంపుతో, ఇటలీకి చెందిన కౌంటు జియోవన్ని లురాని ప్రోద్బలమున 1950ల చివర ఫార్ములా జూనియరు అను తరగతి ఏర్పడెను. అందు ఇంజిను సామాన్యముగా అమ్ముడుపోవు కారునుండి తీసినదై యుండవలెను. మోదెనా పట్టణపు స్టాంగువెల్లినీ కార్ఖానావారు ఈ ఫియటు 1100 ఇంజినునే తీర్చిదిద్ది, దాని శక్తిని ఎనుబది అశ్వశక్తుల దరిదాపునకు తెచ్చి, 1959లో మొనాకో పట్టణపు జూనియరు పందెమును గెలిచిరి. అదే సిలిండరు దిమ్మ, అదే స్ట్రోకు. శక్తి మాత్రము రెండింతలకు పైబడినది. ఇది ఎట్లు సాధ్యమైనది?

మన పెద్దలు బావినుండి మోటతో నీరు తోడిన రీతిని తలంచుకొనుడు. పొలమునకు పారిన నీరు రెండు సంగతులపై ఆధారపడును: మోట బాన ఒక్కొక్క తడవ ఎంత నిండినది, గడియకు ఎన్ని తడవలు వచ్చినది. ఎడ్లను తొందరపెట్టి తడవలు పెంచినచో నీరు పెరుగును. కాని మరీ తొందరపెట్టినచో బాన నిండకమునుపే పైకి వచ్చును, ఎడ్లు రొప్పును, నీరు తగ్గును. ఇంజినునందు పిస్టను క్రిందికి దిగు ప్రతి పర్యాయమును సిలిండరు ఒక బాన. అది పీల్చునది గాలియు పెట్రోలు ఆవిరియు. 36 అశ్వశక్తుల ఇంజినును, బాన నిండుట ఏమాత్రమును తగ్గకుండ 4400 చుట్లనుండి 7500 చుట్లకు తేగలిగినచో 61 అశ్వశక్తులు వచ్చును. తక్కిన పద్దెనిమిదియు బానను మరింత నిండించుటవలనను, నిండినదానిని మరింత గట్టిగా నొక్కి మండించుటవలనను రావలెను. కావున పని రెండు విధములు: వేగమును ఇంజిను ఓర్చుకొనునట్లు చేయుట యొకటి, ఆ వేగమున అది ఊపిరాడునట్లు చేయుట రెండవది. కుర్రవాండ్రు రెండవదానితో మొదలుపెట్టుదురు. మొదటిదానితో మొదలుపెట్టినవారి ఇంజిన్లే పందెము చివరివరకు నిలుచును.

ఓర్పును గూర్చి విచారింతము. పిస్టను మీదికి పోయి, శిఖరమున ఒక్క క్షణము నిలిచి, వెనుకకు మరలును. దానిని అట్లు ఆపి వెనుకకు లాగునది కనెక్టింగు రాడ్డు. పిస్టను, రింగులు, పిన్ను, రాడ్డు పైభాగము కలిసి అరకిలో తూగుననియు, రాడ్డు పొడవు క్రాంకు వ్యాసార్ధమునకు మూడున్నర రెట్లనియు అనుకొందము. క్రాంకు వ్యాసార్ధము స్ట్రోకులో సగము, అనగా 37.5 మిల్లీమీటర్లు. పై తరగతులవారికి తెలిసిన వృత్తగతి సూత్రము ప్రకారము లెక్కించినచో, 4400 చుట్ల వద్ద శిఖరమున పిస్టను పొందు త్వరణము భూమ్యాకర్షణకు సుమారు 1040 రెట్లు. అనగా ఆ అరకిలో వస్తువు రాడ్డును 520 కిలోల బరువువలె లాగును. గుంటూరు మిరపయార్డులో టిక్కీ యొకటి 40 కిలోలనుకొన్నచో, పదమూడు టిక్కీలు ఆ సన్నని రాడ్డుకు వ్రేలాడుచున్నట్లు.

ఇప్పుడు 7500 చుట్లకు పోవుదము. వేగము పెరిగినది 1.7 రెట్లు మాత్రమే. కాని ఈ లాగుడు వేగముతో పెరుగదు, వేగపు వర్గముతో పెరుగును. 1.7ను 1.7చే గుణించినచో ఇంచుమించు మూడు. పదమూడు టిక్కీలు ముప్పదియెనిమిది టిక్కీలైనవి. 1500 కిలోలు దాటినవి. తరగతిలో ఈ లెక్క పూర్తియైనప్పుడు, అంతవరకు అల్లరి చేయుచున్న వెనుక బల్లవారు తమంతట తామే కాగితము తీసి మరల లెక్కించిరి. వర్గమనునది గణితపుస్తకములో వ్రాసినప్పటికంటె ఇనుములో వ్రాసినప్పుడు బాగుగా బోధపడును.

ఇందు మరియొక విశేషము కలదు. నాలుగు స్ట్రోకుల ఇంజినునందు పిస్టను రెండు సార్లు శిఖరమునకు వచ్చును. ఒకసారి మిశ్రమమును నొక్కివచ్చును. అప్పుడు పైనున్న వాయుపీడనము పిస్టనును క్రిందికి త్రోయుటచే రాడ్డుపై లాగుడు చాలవరకు తీరును. రెండవసారి కాలిన పొగను వెళ్లగొట్టి వచ్చును. అప్పుడు పైన త్రోయునది ఏమియు లేదు. 7500 చుట్ల వద్ద నిమిషమునకు 3750 పర్యాయములు రాడ్డు ఒంటరిగా ఆ భారమంతయు మోయవలెను. పెక్కుమంది పేలుడు బలమునకు రాడ్డు విరుగునని తలంతురు. పేలుడు రాడ్డును నొక్కును; ఈ శూన్యమైన శిఖరము దానిని చీల్చును. యాక్సిలరేటరు ఒక్కసారిగా వదలినప్పుడు, ఇంజిను ఇంకను వేగముగా తిరుగుచుండగనే రాడ్డులు విరుగుట కూడ ఇందుచేతనే సంభవించును.

కావున పాత ఇంజినును విప్పినవెంటనే మొదట చేతికి తీసికొనవలసినవి రాడ్డులును, వాని పెద్ద చివరను బిగించు బోల్టులును. బోల్టులు పాతవి వాడరాదు. ఇందు పిసినితనము పనికిరాదు. రాడ్డులకు పరీక్ష కావలెను. పెద్ద కార్ఖానాలలో అయస్కాంతముతో పగుళ్లు వెదకు యంత్రములు కలవు. అవి లేనిచోట మెకానిక్కులు ఎరిగిన పాత ఉపాయము కిరసనాయిలును సుద్దయును. రాడ్డును శుభ్రముగా కడిగి, ఒక రాత్రి కిరసనాయిలులో నానబెట్టి, తీసి, పొడిగుడ్డతో చక్కగా తుడిచి, పలుచగా సుద్దపొడి పూయవలెను. కంటికి కనబడని పగులు ఏదైన నున్నచో అందు దాగిన కిరసనాయిలు మెల్లగా ఊరి, తెల్లని సుద్దపై తడిచారగా కనబడును.

షెడ్డు యజమాని అనుమతితో మన విద్యార్థులు ఆ నాలుగు రాడ్డులను తెచ్చి ప్రయోగశాలలో ఈ పరీక్ష చేసిరి. మూడింటిపై సుద్ద తెల్లగానే నిలిచెను. నాలుగవదానిపై, పెద్ద చివరకు కొంచెము పైన, వెండ్రుకవంటి చార యొకటి అరగంటలో తేలినది. వ్రేలి గోటితో తడిమినను తెలియని చార. ఆ కారు ఆ రాడ్డుతోనే ఎన్ని వేల మైళ్లు నడచెనో! పదమూడు టిక్కీలకు అది ఓర్చినది. ముప్పదియెనిమిది టిక్కీలకు ఎంతసేపు ఓర్చెడిదో చెప్పనక్కరలేదు. విరిగిన రాడ్డు లోపల ఊరకుండదు; సిలిండరు దిమ్మ గోడను బ్రద్దలు కొట్టుకొని బయటికి వచ్చును, వేడినూనె మంటలపాలగును. సైలెన్సరు తీసి అరపించువారి మోకాలికి జానెడు దూరములో జరుగుచున్న వ్యవహారమిది.

పగుళ్లు లేని రాడ్డులను కూడ అట్లే వాడరు. పోతపోసినప్పుడో సాగగొట్టినప్పుడో మిగిలిన గరుకు అంచులను ఆకురాయితో తీసి, పొడుగువాటముగా నునుపు చేయుదురు. అడ్డముగా గీత పడినచో అదే రేపటి పగులునకు బీజము. ఈ నునుపు అందము కొరకు కాదు.

పిస్టన్లు పాతవి తీసివేసి తేలికైనవి వేయుదురు. అరకిలో బరువును 350 గ్రాములకు తగ్గించినచో 7500 చుట్ల వద్ద పదునొకండు టిక్కీల భారము తగ్గును. పందెపు ఇంజిన్లు కట్టువారు గ్రాముల కొరకు ఎందుకు ప్రాకులాడుదురో ఇందువలన తెలియును. బరువు తగ్గించుట ఒక్కటే చాలదు. నాలుగు పిస్టన్లును, నాలుగు రాడ్డులును తమలో తాము సమానముగా తూగవలెను. క్రాంకు పిన్ను వద్ద ఒక్క గ్రాము అధికముగా నున్నచో, 7500 చుట్ల వద్ద అది రెండుంబావు కిలోలకు మించిన బలముతో బేరింగును సెకనుకు 125 పర్యాయములు అన్ని దిక్కులకు ఈడ్చును. బంగారపు దుకాణములోని త్రాసు మెకానిక్కు షెడ్డులో ఎందుకని నవ్వవలదు.

ఫ్లైవీలును గూర్చి కొంచెము నిలిచి చెప్పవలసియున్నది, ఏలయనగా ప్రాణాపాయము అందే అధికము. పాత కార్ల ఫ్లైవీలు పోతయినుముతో చేసిన బరువైన చక్రము. దాని అంచు ఇరుసునుండి 13 సెంటీమీటర్ల దూరమున నున్నదనుకొందము. 7500 చుట్ల వద్ద ఆ అంచు సెకనుకు 102 మీటర్లు, అనగా గంటకు 367 కిలోమీటర్ల వేగముతో పరుగెత్తుచుండును. తన వేగముచేతనే అది బయటికి చీలిపోవజూచును. అంచులో ప్రతి చదరపు మిల్లీమీటరునకు కలుగు లాగుడు 4400 చుట్ల వద్ద రెండున్నర కిలోలు. 7500 వద్ద ఏడున్నర కిలోలకు పైమాట. సామాన్యపు పోతయినుము పదిహేను ఇరువది కిలోలకు తెగిపోవును. అదియు పగుళ్లు, బోల్టు రంధ్రములు లేనప్పటి మాట. అంచు మందము పెంచినచో బలపడునుగదా యని యొక విద్యార్థి అడిగెను. బలపడదు. మందముతోపాటు బరువును అంతే పెరుగును, లాగుడు మారదు. కావున పోతయినుప చక్రమును తీసివేసి, ఉక్కుతో చిన్నదిగా, తేలికగా చేయించవలెను. పందెపు బండ్లలో ఆ చక్రము చుట్టు దళసరి ఉక్కురేకుతో కవచము కూడ కట్టుదురు. పగిలిన ముక్క డ్రైవరు కాళ్లవైపు రాకుండుటకు.

ఇంతవరకు చెప్పినదంతయు స్ట్రోకు 75 మిల్లీమీటర్లన్న నియమముపై చెప్పినది. స్ట్రోకు కురుచైనచో కథ మారును. 1959లో ఇంగ్లండులో ఫోర్డు ఆంగ్లియా యను చిన్నకారు వెలువడెను. దాని ఇంజిను 997 ఘన సెంటీమీటర్లు. సిలిండరు అడ్డుకొలత 81 మిల్లీమీటర్లు, స్ట్రోకు 48.4 మాత్రమే. పొట్టిగా, వెడల్పుగా నున్న సిలిండరు. 7500 చుట్ల వద్ద దాని పిస్టను సగటు వేగము సెకనుకు 12 మీటర్లు. అదే చుట్ల వద్ద ఫియటు పిస్టను 18.75 మీటర్లు, స్ట్రోకు 88.9 మిల్లీమీటర్లు గల మన అంబాసిడరు పిస్టను 22 మీటర్లు పరుగెత్తవలెను. 1958లో మైక్ కాస్టిన్, కీత్ డక్‌వర్త్ అను ఇద్దరు ఇంజనీర్లు కాస్‌వర్త్ అను సంస్థను స్థాపించియుండిరి. వారు ఈ ఆంగ్లియా ఇంజినును తీర్చి 1960లో లోటస్ కార్లలో పెట్టగా, ఫియటు ఇంజిన్ల ప్రాభవము ఒక్క సంవత్సరములోనే క్షీణించెను. స్టాంగువెల్లినీ పనివారి నేర్పు తక్కువైనందున కాదు. స్ట్రోకు పొడవు అను జన్మలక్షణమును ఆకురాయి తీసివేయజాలదు. అంబాసిడరు ఇంజినుతో పందెమునకు దిగినవారు తక్కువ చుట్లతో ఎక్కువ త్రోపు తీయవలసినదే గాని, దానిని అరపించి ప్రయోజనము లేదు.

ఇక ఊపిరిని గూర్చి. ఇంజినులోనికి గాలి వచ్చుటకును పొగ పోవుటకును వాల్వులు కలవు. వానిని తెరచునది క్యాము షాఫ్టు, మూయునది స్ప్రింగు. లోపలికి పీల్చు వాల్వు క్రాంకు 240 డిగ్రీలు తిరుగునంతసేపు తెరచియుండుననుకొందము. 4400 చుట్ల వద్ద అది సెకనులో వేయింట తొమ్మిది వంతులు. 7500 వద్ద వేయింట అయిదు వంతులకు కొంచెము ఎక్కువ. అంతలో బాన నిండవలెను. అందుకై వాల్వులను పెద్దవి చేయుదురు, వానికి పోవు దారులను వెడల్పుచేసి వంకరలు తీయుదురు, ఒక్క కార్బురేటరుకు మారు రెండు పెట్టుదురు, వాల్వు మరింతసేపు తెరచియుండునట్లు క్యామును మార్చి చెక్కింతురు. ఈ చివరి మార్పువలన నష్టమును కలదు. నెమ్మదిగా తిరుగునప్పుడు అట్టి ఇంజిను దగ్గుచు, తడబడుచు ఆగిపోవును. దానిపై పెండ్లికి పోలేము.

స్ప్రింగు సంగతి మరువరాదు. వేగము పెరిగినకొలది వాల్వు క్యామును వెంబడించుటకు స్ప్రింగు చాలదు. క్యాము దిగిపోయినను వాల్వు గాలిలో తేలియాడుచుండును. ఇంతలో పిస్టను మీదికి వచ్చి దానిని కొట్టును. ఇంజినుకు అదియే అంత్యము. గట్టి స్ప్రింగు వేసినచో క్యాము అరిగిపోవును. కావున ఇచ్చటను తేలిక చేయుటే ముఖ్యోపాయము: పుష్ రాడ్డు, ట్యాపెట్టు, వాల్వు, దాని టోపీ—అన్నిటినుండియు గ్రాములు తీయవలెను.

నొక్కుడు పెంచుట సులభము. అందుచేతనే దానిని అతిగా చేయుదురు. ఫియటు సిలిండరు ఒక్కొక్కటి 272 ఘన సెంటీమీటర్లు. నొక్కుడు నిష్పత్తి 8 అగుటకు పైనున్న గది 39 ఘన సెంటీమీటర్లుండవలెను; 10 అగుటకు 30. సిలిండరు వైశాల్యమే గదికిని ఉన్నచో హెడ్డునుండి సుమారు 2.4 మిల్లీమీటర్లు తరిగించవలెను. మరీ తరిగించినచో పెట్రోలు తనంతట తాను విస్ఫోటనము చెంది, పిస్టను తలకు రంధ్రము పడును.

నూనెను గూర్చి ఎవ్వరును అడుగలేదు గాని, అడుగవలసినది. బేరింగునకును క్రాంకునకును నడుమ సందు మనిషి వెండ్రుక మందముకంటె తక్కువ. ఆ సందులో నూనెపొర నిలిచినంతవరకు ఇనుము ఇనుమును తాకదు. పందెములో బండి మలుపు తిరుగునప్పుడు అడుగు తొట్టెలోని నూనె ఒక ప్రక్కకు పారిపోవును. పంపు గాలిని పీల్చును. రెండు మూడు సెకనులలో బేరింగు కరగును. అందుకై తొట్టెలో రేకులతో అరలు కట్టుదురు. పది రూపాయల రేకు వేల రూపాయల క్రాంకును కాపాడును.

పాత సామానుతో ఎంత దూరము పోవచ్చునో తెలియగోరువారు న్యూజిలాండు దేశస్థుడగు బర్ట్ మన్రో చరిత్ర తెలిసికొనవలెను. ఆయన వద్ద 1920లో తయారైన ఇండియన్ స్కౌటు అను మోటారు సైకిలు ఉండెడిది. క్రొత్తలో దాని వేగము గంటకు 55 మైళ్లు. కార్ఖానా లేదు, ధనము లేదు. పాత డబ్బాలను అచ్చులుగా చేసి పిస్టన్లు పోతపోసికొనెను. ట్రాక్టరు ఇరుసు ఉక్కునుండి రాడ్డులు చేతితో చెక్కికొనెను. దశాబ్దముల తరబడి అదే యంత్రమును విప్పి బిగించి, 1967లో తన 68వ యేట అమెరికాలోని బానవిల్ ఉప్పునేలపై గంటకు 184 మైళ్ల వేగముతో నడిపెను. పగిలిన పిస్టన్లు, విరిగిన రాడ్డులు ఆయన పారవేయక ఒక బల్లపై వరుసగా పేర్చి, అవి వేగదేవునికి నైవేద్యములని వ్రాసిపెట్టుకొనెను. ఆ వ్రాత మాకు రుచింపదు. కాని ఆ బల్ల రుచించినది. విరిగిన ప్రతి ముక్కను దాచి, ఎచ్చట విరిగినదో చూచి, తరువాతిదానిని అచ్చట దళసరి చేయుటకంటె గొప్ప పాఠ్యపుస్తకము ఏది?

తలిదండ్రులతో ఒక మాట. మీ కుమారుడు ఇంజనీరు కావలెనని కోరుదురు. అదే నోటితో మెకానిక్కు షెడ్డువైపు చూడవలదని గద్దింతురు. ఈ రెండును ఎట్లు పొసగును? కోయంబత్తూరులో స్థిరపడిన తెలుగువారిని చూడుడు. జి. డి. నాయుడుగారు 1893లో తెలుగు మాటలాడు వ్యవసాయ కుటుంబమున జన్మించిరి. బడిచదువు ఆయనకు అంటలేదు. రడ్జి మోటారు సైకిలు నొకదానిని చూచి మోహించి, కోయంబత్తూరులో ఒక హోటలులో పనిచేసి సొమ్ము కూడబెట్టి, దానిని కొని, విప్పి, మరల బిగించి యంత్రవిద్య నేర్చిరి. 1920లో బస్సు నడుపుటతో ఆరంభించి, 1937లో భారతదేశపు తొలి విద్యుత్ మోటారు తయారీలో పాలుపంచుకొనిరి; 1945లో కోయంబత్తూరున ఆర్థర్ హోప్ పేర సాంకేతిక విద్యాలయమును నెలకొల్పుటకు కారకులైరి.

అదే పట్టణమున, లక్ష్మీ మిల్సు కుటుంబమునకు చెందిన కరివర్ధన్‌గారు షోలవరము పందెములనాటినుండి బండ్లు కట్టుచు, 1988లో మారుతి 800 కారు ఇంజినుతో ఒంటి మనిషి నడుపు పందెపు బండిని రూపొందించిరి. అది 796 ఘన సెంటీమీటర్ల చిన్న ఇంజిను, ఇంటింటి బండిలోనిదే. ఆ బండ్లలో నేర్చినవారిలో కోయంబత్తూరు తెలుగు కుటుంబపు బిడ్డ నారాయణ్ కార్తికేయన్ ఒకడు. 2005లో ఫార్ములా వన్ పందెములలో పాల్గొన్న మొదటి భారతీయుడయ్యెను. కరివర్ధన్‌గారు 1995లో మరణించిరి. చెట్టిపాళెములోని పందెపు బాట ఆయన పేర వెలసినది.

మన తరగతిలో రాడ్డులను పరీక్షించిన విద్యార్థులలో ఒకని తండ్రి లేతు మిషను పనివాడు. సుద్దపై చార తేలకమునుపే ఆ బాలుడు రాడ్డును దారముతో వ్రేలాడదీసి, చిన్న సుత్తితో తట్టి, నాలుగవదాని ధ్వని బొంగురుగా నున్నదని చెప్పెను. ఆ విద్య మా శిక్షణ కళాశాలలో మాకు నేర్పినది కాదు. లూకా సువార్తలో గోపురము కట్టదలచి ముందుగా కూర్చుండి ఖర్చు లెక్కించువాని ఉపమానమును చాపెలులో విన్నప్పుడు మన పిల్లలు అది రూకల లెక్కయని తలంతురు. ఇనుము ఓర్చుకొను లెక్కయు అందు చేరినదే. ఆ లెక్కను కాగితముపై చేయగలవాడును, చెవితో చేయగలవాడును ఒకే బల్లపై కూర్చున్నప్పుడే పని ముందుకు సాగినది.

చివరకు, బిగించిన ఇంజినును నడుపు విధము. మొదటి గంటలలో సగము వేగమునకు మించనీయరాదు. తరువాత నూనెను తెల్లని గుడ్డపై వడపోసి, మెరయు రజను ఉన్నదేమో చూడవలెను. ఉన్నచో మరల విప్పవలసినదే. నూనె పీడనము చూపు ముల్లు పడిపోయినచో, ఎంత ముచ్చటగా తిరుగుచున్నను తత్‌క్షణము ఆపవలెను. చుట్లు పెంచునప్పుడు అయిదు వందల చొప్పున మెట్లుమెట్లుగా పెంచి, ప్రతి మెట్టునను కొంతసేపు నిలిపి వినవలెను. పూర్తి వేగపు పరీక్ష ఇరుంగాట్టుకోట్టైవంటి పందెపు బాటపైననే గాని, లారీలు, ఆటోలు, బడిపిల్లలు తిరుగు మన రహదారిపై ఎన్నడును చేయరాదు. బల్లపై బిగించి నడుపునప్పుడు చూడవచ్చినవారందరు ఇంజిను ముందో వెనుకనో, దూరముగా నిలువవలెను. ప్రక్కలను, అనగా ఫ్లైవీలు అంచునకు ఎదురుగా, ఒక్కడును నిలువరాదు.